ఏపీ 15 బండి ఇంకా నడుస్తనే ఉంది

కోరుట్ల బస్టాండు ముందు పది నిమిషాలు నిలబడి బండ్ల నంబర్లు చూడండి. ఏపీ 15, టీఎస్ 02, టీఎస్ 21, టీజీ 21. నాలుగూ ఒకే వాడకట్టువి కావచ్చు. ఏపీ 15 ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగర్ జిల్లాది. 2014లో తెలంగాణ వచ్చాక అది టీఎస్ 02 అయింది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక జగిత్యాలకు 21, సిరిసిల్లకు 23 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. ఇన్ని మారినా, పాత బండి పాత నంబర్‌తోనే తిరుగుతోంది.

పరీక్షల ముందు మనం బట్టీ పట్టే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ ఇదే. ఆ నంబర్ ఒక్క ప్లేటు మీదే లేదు. ఆర్‌సీలో, ఇన్సూరెన్స్‌లో, ఫైనాన్స్ కాగితాల్లో, కట్టని చలానాల్లో కూడా ఉంది. కొత్త అప్లికేషన్ రాసేటోడు "మొదటి రెండక్షరాలు టీజీ అయితేనే తీసుకో" అని ఒక్క లైన్ రాస్తే సగం ఊరు బయట నిలబడుతుంది. ఇంకో తప్పు కూడా తేలిగ్గా జరుగుతుంది: నంబర్‌ను చూసి జిల్లా చెప్పేయడం. 2015లో కొన్న కోరుట్ల బండి మీద టీఎస్ 02 ఉంటుంది. దాన్ని బట్టి ఓనర్‌ను కరీంనగర్‌లో వెతికితే ఎట్లా దొరుకుతడు?

అట్లని పాతదాన్నంతా ఎప్పటికీ మోయాలని కాదు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. పాత చెక్కుబుక్కులు సెప్టెంబర్ 30 దాకా చెల్లుతాయని మొదట చెప్పారు, తర్వాత గడువును డిసెంబర్ 31కి పెంచారు. దీన్నే మన భాషలో డిప్రికేషన్ అంటాం: ఫలానా రోజు ఆగిపోతుందని ముందే చెప్పి, అప్పటిదాకా నడపడం. 2018లో ఎస్‌బీఐ దాదాపు 1,300 బ్రాంచీల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మార్చినప్పుడు మాత్రం, పాత కోడ్‌తో వచ్చిన డబ్బును కొత్త కోడ్‌కు మళ్లించుకున్నారు. ఈ తేడా నాకు చాలా నచ్చుతుంది. చెక్కుబుక్కు మన బీరువాలో ఉంటుంది, పోయి మార్చుకుంటాం. ఐఎఫ్‌ఎస్‌సీ మనకు డబ్బు పంపేవాళ్ల దగ్గర ఉంటుంది. దుబాయ్‌లో ఉన్న అన్న ఎప్పుడో ఒకసారి రాసిపెట్టుకున్న కోడ్ అది. అట్లాంటి వాళ్లందరినీ పట్టుకుని చెప్పడం బ్యాంకు తరం కాదు. పాతదానికి గడువు పెట్టాలా, దారి మళ్లించాలా అన్నది, అది ఎవరి చేతిలో ఉందో చూసి తేల్చుకోవాలి.

నాకీ విషయం తెలిసింది పుస్తకంలో కాదు, సిరిసిల్లలో. మా మామయ్యకు అక్కడ సాంచాల కార్ఖానా ఉంది. కూలి లెక్కలు ఫాక్స్‌ప్రోలో రాసిన పాత ప్రోగ్రామ్‌లో ఉండేవి. నల్ల స్క్రీన్, మౌస్ లేదు. ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2015 జనవరిలోనే అయిపోయింది. ఆ కంప్యూటర్ కాలిపోతే సంగతేందని మామయ్యకు భయం. సెకండ్ ఇయర్ సెలవుల్లో నేను పైథాన్‌లో కొత్తది రాశాను. అందంగా ఉంది, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. పాతదాన్ని ఒక్క శనివారం ఆపేసి దీన్ని పెట్టాం.

సాయంత్రం ఒక పెద్దమనిషి చిట్టీ పట్టుకొచ్చాడు. "ఏం బిడ్డా, ఆరు రూపాయలు తక్కువొచ్చినయ్?"

రాత్రంతా వెతికితే దొరికింది. పాత ప్రోగ్రామ్ ఒక్కో తాను కూలిని పైరూపాయికి సరిచేసి, ఆ తర్వాత కూడేది. నేను అన్నీ కూడి చివర్లో సరిచేశాను. తానుకు 41.50 అనుకుంటే, పన్నెండు తానులకు పాత లెక్క 504, నా లెక్క 498. గణితంలో నాదే సరైనది. కానీ ఆ రూపాయి లెక్క మీద ఇన్నేళ్లుగా మనుషులు ఆధారపడ్డారు. గూగుల్‌లో పనిచేసిన ఇంజనీర్ హైరమ్ రైట్ పేరు మీద ఒక సూత్రం ఉంది: వాడేవాళ్లు చాలామంది అయితే, నువ్వు మాట ఇవ్వని ప్రవర్తన మీద కూడా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారు. నేను దాన్ని బగ్ అన్నాను. ఆయనకది కూలి.

మరుసటి వారం ఆరు రూపాయలూ కలిపి ఇచ్చాం, పాత ప్రోగ్రామ్‌ను మళ్లీ ఎక్కించాం. ఈసారి పద్ధతి మార్చాను. తాటిచెట్టు మీద మొలిచిన మర్రిని చూసే ఉంటారు. లోపల తాడి నిలబడే ఉంటుంది, మర్రి చుట్టూ వేళ్లు దింపుకుంటుంది. మార్టిన్ ఫౌలర్ ఆస్ట్రేలియాలో ఇట్లాంటి చెట్లనే చూసి, 2004లో 'స్ట్రాంగ్లర్ అప్లికేషన్' అని ఈ పద్ధతికి పేరు పెట్టాడు. పాతదాని పక్కనే కొత్తది పెట్టి, ఒక్కో పనినే దీనికి అప్పజెప్పాలి. ముందు చిట్టీల ప్రింటు తీసుకున్నాను. పాత డీబీఎఫ్ ఫైళ్లను పైథాన్‌తో చదవడం పెద్ద పనేం కాదు. తర్వాత కూలి లెక్క, అదీ పైరూపాయి అలవాటుతో సహా. నాలుగు వారాలు రెండింటిలోనూ వేసి, పైసాతో సహా కలిశాకే పాతదాన్ని ఆ పని నుంచి తప్పించాను. పనివాళ్ల పాత నంబర్లు ముట్టుకోలేదు. మధ్యలో ఖాళీలున్నాయి, 31 తర్వాత 40 వస్తుంది. ఉండనీ.

ఇప్పుడు పాత ప్రోగ్రామ్‌కు మిగిలిన పని ఒక్కటే, దసరా బోనస్. అందులో ఏ సూత్రం ఉందో గుమాస్తాకు కూడా తెలియదు. నేనింకా చదువుతున్నా. ఈ దసరాకు రెండింటిలోనూ వేసి చూస్తాం.