తొలగింపు ఆజ్ఞను పరీక్షించు విధము

ఒక బాలుడు పాఠశాలను విడిచిపోయినప్పుడు ప్రవేశ రిజిస్టరులో అతని పేరును చెరిపివేయరు. పేరున కెదురుగా విడిచిన తేదీని, కారణమును వ్రాసి బదిలీ పత్రము నిత్తురు. నేటి హాజరుపట్టీలో అతడుండడు. పాత రిజిస్టరులో మాత్రము నిలిచియుండును. 1954 వరకు మన యానాము ఫ్రెంచి పాలనలో నుండెను. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి కూడ జనన, వివాహ, మరణముల రిజిస్టరులను రెండేసి ప్రతులుగా ఉంచవలెననియు, కొట్టివేతలను సైతము సంతకములతో ధ్రువపరుపవలెననియు విధించెను. తొలగించుట వేరు, జాడ లేకుండ చేయుట వేరు అనునదే ఇందలి నీతి.

కంప్యూటరులో ఈ నీతిని పాటించు సాధనములను వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలందురు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన గిట్‌ను 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ నిర్మాణము కొరకు ఆరంభించెను. ఇందు ఒక ఫైలు మూడు చోట్ల నుండును: మనము వ్రాయుచున్న ఫోల్డరు మొదటిది, రాబోవు నమోదునకు సిద్ధపరచిన సూచిక రెండవది, ఇదివరకు చేసిన నమోదుల చరిత్ర మూడవది. ఈ నమోదునే కమిట్ అందురు. "గిట్ ఆర్‌ఎం" అను తొలగింపు ఆజ్ఞ మొదటి రెండింటినుండి ఫైలును తీసివేయును, చరిత్రను ముట్టదు.

ఇట్టి ఆజ్ఞను పరీక్షించుట యెట్లు? ఫైలు పోయినదా యని చూచి ఊరకుండుట చాలదు. పోగూడనిది నిలిచినదా యని చూచుట అంతకంటె ముఖ్యము. విద్యార్థులు అసలు పనిని ముట్టక, క్రొత్త ఫోల్డరులో రెండు మూడు చిన్న ఫైలులు కల్పించుకొని, కమిట్ చేసి, ఈ క్రింది పరీక్షలు చేయవచ్చును.

మొదటిది: ఒక ఫైలును తొలగించి, అది ఫోల్డరులోను సూచికలోను లేదనియు, తక్కినవి చెక్కుచెదరలేదనియు చూడవలెను. రెండవది: వేరొక ఫైలులో ఒక పంక్తి మార్చి, కమిట్ చేయకయే తొలగింపు ఆజ్ఞ నీయవలెను. గిట్ దానిని నిరాకరింపవలెను. నిరాకరించిన పిదప మార్చిన పంక్తి అట్లే యున్నదా యని తెరచి చూడవలెను. "ఎఫ్" అను బలవంతపు గుర్తు చేర్చినచో ఆజ్ఞ నెరవేరును. కాని సూచికలోనైనను చేర్చని ఆ పంక్తిని గిట్ మరల తెచ్చి యీయజాలదు. మూడవది: "క్యాష్డ్" అను గుర్తుతో తొలగించినచో సూచికనుండి మాత్రమే పోయి, ఫోల్డరులో ఫైలు మిగులవలెను. నాల్గవది: "ఎన్" అను గుర్తుతో ఆజ్ఞ యిచ్చినచో, ఏది పోవునో చెప్పవలెనే గాని దేనిని తొలగింపరాదు.

గిట్ నిర్మాతలు ఇట్టి పరీక్షలను "టి3600" అను సంఖ్య గల పత్రములో వ్రాసి, మూలముతోబాటే భద్రపరచిరి. పేరు నడుమ ఖాళీ గల ఫైలును, చిన్న గీతతో మొదలై ఆజ్ఞాచిహ్నమువలె కనబడు పేరు గల ఫైలును అందు పరీక్షించిరి. ఫోల్డరులో వ్రాత అనుమతిని తీసివేసి, తొలగింపు విఫలమగునట్లు చేసి, అప్పుడు సూచికలోనుండి కూడ ఫైలు పోరాదని నిర్ణయించిరి. సగము జరిగిన పని అసలు జరుగని పనికంటె ప్రమాదకరము గదా!

ఇక నొక హెచ్చరిక. విద్యార్థుల ఆధార్ సంఖ్యలు గల పట్టికయో, రహస్యపదమో పొరపాటున కమిట్ అయినచో, పిదప దానిని తొలగించినంత మాత్రమున ఆపద తొలగదు. చరిత్రలో అది యుండును. ప్రతి గలవారెవరైనను దానిని చదువగలరు. అట్టి రహస్యపదమును వెంటనే మార్చవలెను. చరిత్రను తిరుగవ్రాయుటకు వేరు సాధనములు కలవుగాని, ఇతరులు తీసికొన్న ప్రతులను అవి చెరుపలేవు. కావున పరీక్షల పట్టికలో ఐదవదిగా దీనిని చేర్చుట మేలు: తొలగించిన ఫైలును పాత కమిట్‌నుండి మరల తెచ్చి చూడుడు. అది వచ్చును. పోయినదనుకొన్న వ్యాసము దొరకినప్పుడు ఇది వరము. దాచదలచిన సంగతి దొరకినప్పుడు ఇదియే శాపము.

అడవిపొలములో వ్యాసము వ్రాయు బాలికకును, దూరదేశమున యంత్రములకు ఆజ్ఞలు వ్రాయు నిపుణునకును ఈ నియమ మొక్కటియే. తీసివేయు చేయి ముందుగా ఆగుట నేర్వవలెను. ఆజ్ఞ ఎక్కడ ఆగునో పరీక్షించి తెలిసికొనిన పిమ్మటనే దానిని అసలు పనిపై ప్రయోగింపుడని మా విద్యార్థులకు మేము బోధించుచున్నాము.