జీతం లేదు... తీరిక లేదు... పత్రిక మాత్రం ఆగదు!

చందా కట్టక్కర్లేదు. పనిచేసేవాళ్లకు జీతం రాదు. రాసినవాళ్లకు పారితోషికం అందదు. అయినా చెప్పిన రోజుకు కొత్త సంచిక సిద్ధం! తెలుగులో స్వచ్ఛందంగా నడిచే అంతర్జాల పత్రికల వెనకున్న కష్టం ఇది.

అమెరికా తూర్పు తీరంలో రాత్రి పది దాటిందనుకోండి. పిల్లలు పడుకున్నారు. పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి మళ్లీ కంప్యూటరే తెరిచాడు. ఈసారి ఆఫీసు పని కాదు, ఎవరో కొత్త రచయిత పంపిన కథ. అప్పటికి హైదరాబాదులో తెల్లారింది. ఇక్కడో గృహిణి కాఫీ తాగుతూ అదే సంచికలో అచ్చుతప్పులు దిద్దుతోంది. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడి ఉండకపోవచ్చు. పత్రిక మాత్రం ఇద్దరిదీ!

పిచ్చిగీతల రోజుల నుంచి...

అమెరికాలోని తెలుగువాళ్లు కొందరు 1998లో ‘ఈమాట’ ప్రారంభించారు. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు చదవడమే ఓ ప్రహసనం. ఒక్కోచోట ఒక్కో ఫాంటు. అది దింపుకోకపోతే తెర మీద పిచ్చిగీతలే. యూనికోడ్ వాడకం పెరిగాక ఆ బాధ తప్పింది. 2007లో కిరణ్‌ప్రభ సంపాదకత్వంలో ‘కౌముది’ మాసపత్రిక మొదలైంది. అచ్చు పత్రికల్లో చోటు దొరకనివాళ్లకూ, ఉద్యోగాల్లో పడి కలం పక్కన పెట్టినవాళ్లకూ ఇలాంటి పత్రికలు కొత్త అరుగులయ్యాయి.

‘బాలేదు’ అనేదెలా?

అసలు చిక్కు సాంకేతికం కాదు. వచ్చిన కథ బాగోలేకపోతే ఏం చేయాలి? అన్నీ వేసేస్తే పాఠకులు రావడం మానేస్తారు. మొహమ్మీద వద్దంటే ఆ కొత్త రచయిత మళ్లీ కలం పట్టకపోవచ్చు. దీనికి ‘ఈమాట’ ఎంచుకున్న దారి సమీక్ష. కథ ఎవరిదో తెలియకుండానే పరిశీలకులు చదువుతారు. పేరున్నవాళ్లకూ, తొలి కథ రాసినవాళ్లకూ ఒకటే కొలబద్ద. ఎక్కడ కుంటుపడిందో, ఏది తీసేయొచ్చో రాసి రచయితకు పంపుతారు. ఆయన దిద్ది పంపితే మళ్లీ చదువుతారు. ఒక్క కథకే గంటలు పడుతుంది. పారితోషికం ఇవ్వలేని పత్రిక రచయితకు ఇవ్వగలిగిన అసలైన బహుమతి అదే... శ్రద్ధగా చదవడం!

బొమ్మలు వేసేవాళ్లకూ ఈ మర్యాద దక్కాలి. కథంతా చదివి, గడువులోగా బొమ్మ గీసిచ్చిన చిత్రకారుడికి కనీసం కింద పేరైనా ఉండాలి. ఆయన్ని అడక్కుండా బొమ్మ కత్తిరించకూడదు. ఇంటర్నెట్‌లో దొరికింది కదాని ఎవరి బొమ్మనో తెచ్చి అతికిస్తే, కష్టపడ్డవాణ్ని మోసం చేసినట్టే.

ఆగితే అంతా మాయం

అచ్చు పత్రిక మూతపడినా పాత సంచికలు అటక మీదో, గ్రంథాలయంలోనో ఉంటాయి. అంతర్జాల పత్రిక అలా కాదు. సైటు పేరుకు ఏటా రుసుము కట్టాలి, సర్వర్‌కు అద్దె చెల్లించాలి. తాళంచెవిలాంటి పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండి, ఆయనకు తీరిక లేకపోయినా, ఆరోగ్యం బాగోకపోయినా ఏళ్ల తరబడి కూడబెట్టిన కథలన్నీ ఒక్కరోజులో కనిపించకుండా పోతాయి. అందుకే బాధ్యత ఇద్దరు ముగ్గురు పంచుకోవాలి, నకళ్లు వేరేచోట దాచాలి. రెండున్నర దశాబ్దాలు దాటినా ‘ఈమాట’ తొలినాటి సంచికలు ఇప్పటికీ ఉచితంగా చదువుకోగలుగుతున్నామంటే, వాటిని ఎవరో ఒకరు కాపాడుకుంటూ వస్తున్నారన్నమాట.

మీ ఇంట్లోనూ నోటుపుస్తకంలో కథ దాచుకున్న అమ్మాయో, పదవీ విరమణ చేసిన తాతయ్యో ఉన్నారా? పంపించమనండి. పంపేముందు మాత్రం ఇంకోసారి చదివి దిద్దుకోమనండి. అవతల నిద్ర మానుకుని చదివే మనిషి ఉన్నాడు మరి!