ఆటగానిని అంచనా వేయుట ఎట్లు?

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు మిర్చి యార్డుకు పోయినవారికి ఒక దృశ్యం పరిచయమే. వరుసలుగా పేర్చిన టిక్కీల మధ్య కొనుగోలుదారు నడుస్తూ, ఒకదానిలో చేయిపెట్టి నాలుగు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు. కాయను విరిచి ఘాటు చూస్తాడు. చెవి దగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి తేమ ఎంత ఉన్నదో ఊహిస్తాడు. గుప్పెడు మచ్చును చూచి మొత్తం సరుకుకు ధర కట్టుతున్నాడన్నమాట. అనుభవం కలవాడు పైన ఉన్న కాయలతో తృప్తిపడడు. నాలుగు టిక్కీలు విప్పించి అడుగు నుండి కూడా తీయిస్తాడు.

ఇటువంటి బేరమే మనుష్యుల విషయంలోనూ జరుగుతున్నది. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగు మొదలైనప్పటి నుండి క్రికెట్ ఆటగాండ్రను వేలంలో కొంటున్నారు. పద్దెనిమిదేండ్ల కుర్రవాడు ఇంతవరకు చేసిన పరుగులు మచ్చు. రాబోయే పదేండ్ల ఆట సరుకు. చేతికి అందిన మచ్చునుబట్టి కంటికి కనబడని సరుకును గురించి ఎంతవరకు చెప్పవచ్చును? ఇది కేవలం ఆటలకు సంబంధించిన ప్రశ్న కాదు, సాంఖ్యక శాస్త్రంలో ముఖ్యమైన ప్రశ్న. పత్తి, మిరప పండించే కుటుంబం ఒక పిల్లవానిని బడి చదువు నుండి తప్పించి, తెల్లవారుజామున బస్సెక్కించి మంగళగిరి మైదానానికి పంపుతున్నదంటే, ఆ ప్రశ్నకు వచ్చే సమాధానంపై ఒక జీవితమే ఆధారపడి ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు.

ఈ సమస్యను చాలాకాలంగా ఎదుర్కొంటున్నవారు అమెరికావారు. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ వంటిది కాదు. బంతిని చేతితో విసరి, చేతితో పట్టుకొని, పరుగెత్తుకొనిపోయే ఆట. విసరిన బంతిని దూరాన అందుకొనే ఆటగానికి వైడ్ రిసీవరు అని పేరు. ప్రతి సంవత్సరం వృత్తి క్లబ్బులు 32 కలిసి, కళాశాలలలో ఆడిన యువకులను వంతులవారీగా ఎన్నుకొంటాయి. గడచిన సంవత్సరం చివర నిలిచిన క్లబ్బుకు మొదటి వంతు. ఎన్నికకు ముందు యువకులను ఒకచోట చేర్చి 40 గజాల పరుగు పెట్టిస్తారు, ఎగిరిస్తారు, అరచేతులు కూడా కొలుస్తారు.

ఇంత కొలిచినా ఫలితం ఎట్లున్నది? 2017లో జాన్ రాస్ అనే యువకుడు 40 గజాలను 4.22 సెకండ్లలో పరుగెత్తి ఆనాటికి రికార్డు నెలకొల్పినాడు. తొమ్మిదవ స్థానంలోనే సిన్సినాటి క్లబ్బు అతనిని తీసుకొన్నది. గాయాల పాలై, మొదటి సంవత్సరం అతడు ఒక్క బంతిని కూడా పట్టలేదు. తరువాత కూడా పెద్ద ఆటగాడు కాలేదు. పుకా నాకువా అనే మరొక యువకుని కోసం 2023లో క్లబ్బులు తొందరపడలేదు. 176 మందిని ఎన్నుకొన్న తరువాత అతని వంతు వచ్చినది. అతడు మొదటి సంవత్సరమే 105 బంతులు పట్టి, 1,486 గజాలు సాధించి, కొత్త ఆటగాండ్రందరి రికార్డులను చెరిపివేసినాడు. ఈ స్థానంలో అందరికన్నా గొప్పవాడని పేరుపొందిన జెర్రీ రైస్ 1985లో ఒక చిన్న కళాశాల నుండి 16వ వాడుగా వచ్చినాడు. అతని పరుగు వేగం చూచి ఎవరూ ఆశ్చర్యపడలేదు.

కొలతలు పనికిరావని దీనికి అర్థం కాదు. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నెమ్మదిగా పరుగెత్తేవాడు ఎన్నికయినాడంటే, వేగం తక్కువైనా ఎన్నుకోదగిన మరేదో గుణం అతనిలో ఉండి ఉండవలె. వేగవంతుడు ఒక్క వేగంతోనే గట్టెక్కవచ్చును. కాబట్టి ఎన్నికైనవారిని మాత్రమే చూస్తే వేగానికీ విజయానికీ సంబంధం లేనట్లు కనిపిస్తుంది. ఎన్నిక కానివారిని కూడా ఆడించి చూడగలిగితే సంబంధం బయటపడుతుంది. అట్లా ఆడించి చూచేవారు లేరు.

ఇప్పుడు మన గుంటూరుకు వద్దాము. 1985లో గుంటూరులో పుట్టిన శ్రీ అంబటి రాయుడు 2002లో, పదహారేండ్ల వయస్సులో, ఇంగ్లండు కుర్రజట్టుపై 177 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచినారు. అదే సంవత్సరం హైదరాబాదు పక్షాన ఆంధ్రపై రంజీ ఆటలో ఒక ఇన్నింగ్సులో 210, రెండవ దానిలో 159 చేసినారు. 2004లో పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచ కప్పులో భారత జట్టుకు నాయకులు. చూచినవారందరూ త్వరలోనే పెద్ద జట్టులో ఆడతారనుకొన్నారు. 2007లో బోర్డు గుర్తింపు లేని లీగులో చేరడం, 2009లో తిరిగి రావడం వంటివి మధ్యలో జరిగినవి. భారతదేశం తరపున మొదటి వన్‌డే ఆడేనాటికి 2013 వచ్చినది. పదహారేండ్ల వయస్సులో చేసిన అంచనాలో ఆట ఉంటుంది గాని, ఆటగాడు పోబోయే దారి ఉండదు.

వన్‌డేలలో వారు మొత్తం 55 ఆటలు ఆడి, 47.05 సగటుతో 1,694 పరుగులు చేసినారు. 2019 మార్చిలో ఆస్ట్రేలియాపై వరుసగా 13, 18, 2 పరుగులకు అవుటైనారు. ఏప్రిలులో ప్రపంచ కప్పు జట్టును ప్రకటించినప్పుడు వారి పేరు లేదు. బ్యాటింగుతోపాటు బౌలింగు, ఫీల్డింగు కూడా చేయగలవాడని విజయ్ శంకర్‌ను తీసుకొన్నారు. ఆ ఎంపిక సంఘానికి అధ్యక్షులు శ్రీ ఎం.ఎస్.కె. ప్రసాద్, వారిదీ గుంటూరే కావడం విశేషం. ఆనాటి వాదోపవాదాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. వాటిని తిరిగి రేపడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ మూడు ఇన్నింగ్సులకు ఎంత విలువ ఇవ్వవచ్చునో మాత్రం లెక్క కట్టి చూడవచ్చును.

బ్యాట్స్‌మన్ చేసే ప్రతి పరుగు దగ్గరా అవుటయ్యే సంభావ్యత ఒకటే అనుకొందాము. నిజానికి మొదటి పది పరుగుల లోపల ప్రమాదం ఎక్కువ. లెక్క తేలికగా ఉండడానికి ఈ ఊహ. అప్పుడు సగటు 47 ఉన్న బ్యాట్స్‌మన్ తన ఇన్నింగ్సులలో సగం సార్లు 32 పరుగులు గాని అంతకు తక్కువ గాని చేస్తాడు. సగటు ఎక్కువగా ఉండడానికి అప్పుడప్పుడు చేసే 90లు, 120లు కారణం. 18 పరుగులకు మించకుండా అవుటయ్యే సంభావ్యత 0.33, అనగా మూడింట ఒకసారి. వరుసగా మూడుసార్లు అట్లా జరిగే సంభావ్యత 0.33ను మూడుసార్లు గుణిస్తే వస్తుంది. సుమారు 28లో ఒక వంతు. ఇది అరుదే అనిపిస్తుంది. కాని యాభై ఇన్నింగ్సులు ఆడినవానికి వరుసగా మూడేసి ఇన్నింగ్సుల జట్లు 48 ఉంటాయి. వాటిలో ఒకటి రెండు ఇట్లా ఉండకపోతేనే ఆశ్చర్యపడవలె! ఆట ఏమాత్రం తగ్గకపోయినా 13, 18, 2 వస్తాయి. ఎంపిక సంఘం ఇతర కారణాలను కూడా చూచి ఉంటుంది. ఈ మూడు అంకెలే కారణమైతే మాత్రం అది ఒక్క టిక్కీలో చేయిపెట్టి ధర కట్టడమే.

పది ఇన్నింగ్సుల సగటు కూడా ఎంతో గట్టిది కాదు. నిజమైన సగటు 40 ఉన్న కుర్రవాడు పది ఇన్నింగ్సులు ఆడితే, మూడింట రెండు సార్లు అతని సగటు 27కూ 53కూ మధ్య ఎక్కడో పడుతుంది. ఒక ఎంపిక పోటీలో 53 చేసినవానికి పూలదండ, 27 చేసినవానికి ఇంటిదారి. ఇద్దరి ఆట ఒకటే అయి ఉండవచ్చును.

రెండవ చిక్కు, పరుగులు ఎవరిపై చేసినాడు అన్నది. ఆంధ్ర జట్టులోనే మరొక ఉదాహరణ ఉన్నది. విశాఖపట్టణానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 2017-18లో పదహారేండ్ల లోపువారి విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేసినాడు, సగటు 176కు పైగా. వానిలో 441 నాగాలాండుపై ఒక్క ఇన్నింగ్సులో చేసినవి. నాగాలాండు రంజీ పోటీలో అడుగుపెట్టినది ఆ మరుసటి సంవత్సరం, 2018-19లో. ఆ 441ని అంకెగానే తీసుకొంటే మోసపోతాము, కొట్టివేసినా మోసపోతాము. అదే కుర్రవానిని 2023 పోటీల కోసం సన్‌రైజర్స్ జట్టు 20 లక్షలకు తీసుకొన్నది. 2024 డిసెంబరులో అతడు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై టెస్టులో 114 పరుగులు చేసినాడు.

ఇటువంటి చిక్కును గుంటూరు పక్కనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధనా స్థానం వారు ఏనాడో పరిష్కరించుకొన్నారు. ఒక కొత్త మిరప వంగడం ఒక పొలంలో విరగకాస్తే, అది వంగడం గొప్పదనమా, నల్లరేగడి గొప్పదనమా, ఆ ఏటి వానల పుణ్యమా? దీనిని తేల్చడానికి ఆ వంగడం పక్కనే, అదే పొలంలో, గుణం తెలిసిన పాత రకాన్ని కూడా వేస్తారు. రెండింటి తేడాను చూస్తారు. అదే పరీక్షను పలుచోట్ల, పలు ఋతువులలో చేస్తారు. ఆటలో పాత రకం స్థానంలో ఉండేది తోటి ఆటగాండ్రే. జట్టు మొత్తం 500 చేసినప్పుడు ఒకడు చేసిన 100 కన్నా, జట్టు 120కే కుప్పకూలినప్పుడు చేసిన 60 ఎక్కువ చెబుతుంది. అమెరికాలో వైడ్ రిసీవరును తూచేవారు కూడా అతడు సాధించిన గజాలను ఉత్తగా చూడరు. జట్టు సాధించిన గజాలలో అతని వాటా ఎంత అని చూస్తారు. బడిపిల్లల ఆటలో స్కోరు పుస్తకం సరిగా ఉంచినచోట ఈ లెక్క ఏ ఉపాధ్యాయుడైనా కట్టవచ్చును.

అమెరికావారు చూచే మరొకటి వయస్సు. పందొమ్మిదేండ్లకే పెద్ద వాటా తీసుకొన్నవాడు, ఇరవై రెండేండ్లకు తీసుకొన్నవానికన్నా ముందుకు పోతాడని వారి నమ్మకం. రెండవవాడు తనకన్నా చిన్నవారిపై ఆడి ఉండవచ్చును. పద్నాలుగు, పదిహేనేండ్ల వయస్సులో ఈ తేడా మరీ ఎక్కువ. ఒకే తరగతి పిల్లలలో ఒకనికి మీసం వస్తుంది, ఒకడు ఇంకా బెంచీపై కాళ్ళు ఆడిస్తూ ఉంటాడు. అందుకే మన క్రికెట్ బోర్డు పదహారేండ్ల లోపువారికి ఎడమ చేతి మణికట్టును ఎక్స్ కిరణాలతో చిత్రం తీయించి, టానర్, వైట్‌హౌస్ పద్ధతిపై ఎముకల వయస్సును లెక్కిస్తున్నది. ఎముకల చివర పెరిగే మృదులాస్థి ఎంతవరకు గట్టిపడినదో చూచి చెప్పే లెక్క ఇది. జన్మపత్రికలో అబద్ధమాడవచ్చును గాని మణికట్టులో కష్టం. ఇక నిజమైన వయస్సులోనే ఇంకొక తిరకాసు: బోర్డు పోటీలకు వయస్సు గీత సెప్టెంబరు 1. ఆ గీత దాటగానే పుట్టినవాడు తన జట్టులో అందరికన్నా పెద్దవాడు. ఆగస్టులో పుట్టినవాడు అందరికన్నా చిన్నవాడు. శ్రీ రాయుడు పుట్టినది సెప్టెంబరు 23న, గుంటూరుదే అయిన షేక్ రషీద్ పుట్టినది సెప్టెంబరు 24న. ఇద్దరితో ఏ సూత్రమూ నిలబడదు గాని, వేయిమంది పేర్లు తీసుకొని నెలలవారీగా లెక్కించి చూడవలసిన సంగతి.

మరి ఈ చిక్కులన్నిటి మధ్య అంచనా వేయడం ఎట్లా? 1886లో గాల్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తల్లిదండ్రుల ఎత్తులను, బిడ్డల ఎత్తులను పోల్చి, మిక్కిలి పొడగరుల బిడ్డలు సగటు వైపుకు జరుగుతారని గమనించినాడు. దీనిని ప్రతిగమనం అంటారు. 1961లో జేమ్స్, స్టైన్ అనే గణితజ్ఞులు దీనికి సంబంధించిన ఒక వింతను చూపినారు: ఎందరినో ఒకేసారి అంచనా వేసేటప్పుడు, ప్రతివాని అంకెను సమూహపు సగటు వైపు కొంత జరిపితే మొత్తం తప్పు తగ్గుతుంది. 1970లో ఆడిన అమెరికా బేస్‌బాల్ ఆటగాండ్రు 18 మంది అంకెలపై దీనిని తరువాత పరీక్షించినారు. మొదటి 45 ప్రయత్నాలలో రాబర్టో క్లెమెంటే 18 సార్లు కొట్టినాడు, అనగా 0.400. మిగిలిన ఏడాదిలో అతని అంకె 0.346కు దిగినది. పద్దెనిమిది అంకెలను సగటు వైపు జరిపిచూస్తే, తప్పుల వర్గాల మొత్తం మూడవ వంతుకన్నా తక్కువైనది.

మన మైదానానికి తగినట్లు ఒక కల్పిత ఉదాహరణ. జిల్లా కుర్రవాండ్ర సగటు 30 అనుకొందాము. ప్రతివాని లెక్కలోను సగటు ఆటగాడు ఆడిన 24 ఇన్నింగ్సులు కలుపుదాము (24 ఉదాహరణకు తీసుకొన్నది, అసలు సంఖ్యను పాత రికార్డులనుండి కట్టవలె). మొదటివాడు 8 ఇన్నింగ్సులలో 70 సగటు చేసినాడు: 560కి 720 కలిపి 32తో భాగిస్తే 40. రెండవవాడు 40 ఇన్నింగ్సులలో 50 సగటు చేసినాడు: 2,000కు 720 కలిపి 64తో భాగిస్తే 42.5. పత్రికలో ఫొటో మొదటివానిది పడుతుంది, తీసుకోదగినవాడు రెండవవాడు.

తీసుకొన్నవాడు ఆడకపోతే అందరూ చూస్తారు, ఎంపిక చేసినవారిని తిడతారు. ఆడగలవానిని వదలివేస్తే ఆ తప్పుకు లెక్కే ఉండదు. ఆ కుర్రవాడు పత్తి జిన్నింగు మిల్లులోనో, ఎరువుల దుకాణంలోనో కనబడతాడు. కనబడే తప్పుకు భయపడేవారు ముందే పేరున్నవానిని తీసుకొంటారు. రెండవ తప్పు తగ్గవలెనంటే ఉపాయం ఒకటే: మచ్చు పెంచడం, అనగా ఎక్కువమందికి ఎక్కువ ఇన్నింగ్సులు ఇవ్వడం.

షేక్ రషీద్ 2022లో కుర్రవాండ్ర ప్రపంచ కప్పులో ఉపనాయకుడు. సెమీఫైనలులో ఆస్ట్రేలియాపై 94, ఫైనలులో ఇంగ్లండుపై 50 చేసినాడు. చెన్నై జట్టు మొదట 20 లక్షలకు, 2024 వేలంలో తిరిగి 30 లక్షలకు తీసుకొన్నది. ఆయా వేలాలలో అవి కనీస ధరలు. 2023, 2024 సంవత్సరాలలో ఒక్క ఆట కూడా ఇవ్వలేదు. 2025 ఏప్రిల్ 14న లక్నోలో తొలిసారి ఆడి 19 బంతులలో 27 పరుగులు చేసినాడు. పైన చెప్పిన లెక్కలో వేస్తే, అతనిని గురించిన అంచనాలో ఆ ఇన్నింగ్సు వాటా ఇరవై అయిదింట ఒక వంతు.