గాలి మోసే బరువు

సింహాచలంలో కొత్త బండికి పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. టైరు వంక శ్రద్ధగా చూసేది అప్పుడే. మళ్లీ చూసేది పంక్చరైననాడు.

బండి బరువును ప్రధానంగా మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. ఈ కిటుకును స్కాట్లండ్ వాడైన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు చేశాడు. గుర్రబ్బండ్ల రోజులు కదా, పట్టించుకున్నవారు తక్కువ. 1888లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు డన్‌లప్, కొడుకు తొక్కే మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించబోయి అదే మళ్లీ కనిపెట్టి పేటెంటు తెచ్చుకున్నాడు. థామ్సన్ సంగతి బయటపడ్డాక అది చెల్లకుండా పోయింది. పేరు మాత్రం డన్‌లప్‌దే నిలిచింది! ఇప్పుడు మన అచ్యుతాపురంలోనే యోకోహామా వాళ్లు 2022 నుంచి ట్రాక్టర్ల వంటి భారీ బళ్లకు టైర్లు చేస్తున్నారు.

గాలి తగ్గిన టైరు నేలకు తగిలినచోటల్లా పక్కలు ఉబ్బి మడత పడుతుంది. కారు చక్రం కిలోమీటరుకు ఐదువందల చుట్లు పైనే తిరుగుతుంది. అన్నిసార్లూ అదే మడత. వంగిన రబ్బరు పుచ్చుకున్న శక్తినంతా తిరిగివ్వదు, కొంత వేడిగా ఉంచేసుకుంటుంది. ఆ వేడి తొందరగా బయటికీ పోదు. లోపలి దారాలకూ రబ్బరుకూ ఉన్న పట్టు సడలుతుంది. ఉక్కు తీగలకు రబ్బరు పట్టాలనే ఇత్తడి పూత పూస్తారు. మితిమీరిన వేడికి ఆ బంధమూ నిలవదు.

పైకి కనిపించే ఆనవాలు, రెండు అంచులూ అరిగి నడుమ గాళ్లు లోతుగానే మిగలడం. పక్కన బొబ్బ లేచిందంటే లోపల దారాలు తెగినట్టే. సింహాచలం ఘాట్ రోడ్డు దిగి కింద అడవివరంలో గాలి చూపిస్తే గేజీ మోసం చేస్తుంది: టైరు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి.

అసలు దెబ్బ విప్పితేగాని తెలీదు. ఓసారి గాలి దిగిన చక్రంతోనే మొండిగా రెండు కిలోమీటర్లు నడిపాను. పంక్చర్లు వేసే పెద్దాయన టైరు ఊడదీసి, లోపల చెయ్యి తిప్పి, అరచేయి చాపాడు. కాటుకలాంటి రబ్బరు పొడి. పక్కగోడ లోపల చుట్టూ గీరుకుపోయిన నల్లటి పట్టీ.

“మేకు కన్నం చిన్నదే బాబూ, పూడ్చేద్దును. నడిపీసారు కదా!” అని, చెయ్యి దులుపుకుని, టైరును మూలనున్న పాతవాటి మీదికి విసిరాడు.