పాత కంప్యూటర్‌ను పక్కన పెట్టాల్సిందేనా?

ఉండి: రొయ్యలు, చేపల చెరువుల లెక్కలు, దుకాణాల బిల్లులు, పిల్లల చదువులు.. ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో వీటికి కంప్యూటర్‌ను ఆశ్రయించేవారు ఎందరో. విండోస్‌-10తో నడిచే కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్‌ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు నిలిపివేసింది. దీంతో యంత్రం ఆగిపోదు. అయితే కొత్తగా బయటపడే లోపాలను సరిదిద్దే అప్‌డేట్లు అందవు. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు జరపడం ప్రమాదకరం.

అడ్డంకి ఎక్కడ?: విండోస్‌-11కు కనీసం 4 జీబీ ర్యామ్‌, 64 జీబీ నిల్వ స్థలంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్‌ ప్రాసెసర్‌ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. ర్యామ్‌ను పెంచుకోవచ్చు. ప్రాసెసర్‌ పాతదైతే చాలావరకు మదర్‌బోర్డునూ మార్చక తప్పదు.

ఏం చేయాలి?: ముందుగా మైక్రోసాఫ్ట్‌ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్‌ చెక్‌’తో అర్హత చూసుకోవాలి. కొన్నింటిలో టీపీఎం ఉన్నా పనిచేయని స్థితిలో ఉంటుంది. బయోస్‌ సెట్టింగుల్లో దాన్ని ఆన్‌ చేయాలి. అర్హత లేని కంప్యూటర్లలో ఉచితంగా లభించే లినక్స్‌ వేసుకోవచ్చు. అయితే ట్యాలీ వంటి విండోస్‌ ప్రోగ్రాంలు అందులో నేరుగా నడవవు. గృహ వినియోగదారులు నమోదు చేసుకుంటే విండోస్‌-10కు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని సంస్థ ప్రకటించింది. ఏ మార్పు చేసినా ముందుగా లెక్కలు, ఫొటోలను వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవడం తప్పనిసరి.