చర్చి కానుకకు పన్ను మినహాయింపు ఉంటుందా?

రిటర్నులు వేసే రోజులు వచ్చాయంటే సంఘ కోశాధికారులకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: “మా దశమభాగాలకు 80జీ వస్తుందా అండీ?” దాదాపు ఎప్పుడూ జవాబు: రాదు.

ఎందుకు రాదంటే, 80జీ అనే ఆదాయపు పన్ను మినహాయింపు సమాజసేవ చేసే సంస్థలకిచ్చే విరాళాలకు. ఆ సంస్థ ఏ ఒక్క మతానికో కులానికో ఉద్దేశించినదై ఉండకూడదు. మతపరమైన పనులకు తన ఆదాయంలో 5 శాతం మించి ఖర్చు పెట్టకూడదు. ఆరాధన, పాస్టరుగారి జీతం, సువార్త సభలు మతపరమైన ఖర్చులే. గుడికైనా మసీదుకైనా ఇదే నియమం. చారిత్రక ప్రాముఖ్యం ఉన్నవిగానో, రాష్ట్రమంతటా పేరున్నవిగానో కేంద్రం నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల మరమ్మతులకు ఇచ్చే విరాళాలకు మాత్రం మినహాయింపు ఉంది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. “మా చర్చికి 12ఏ రిజిస్ట్రేషన్ ఉంది కదా!” అంటారు. అది చర్చి ఆదాయంపై పన్ను పడకుండా చూసేది. ఇచ్చినవారికి దానివల్ల ఏమీ రాదు.

అదే సంఘం పెద్దలు అన్ని మతాలవారి కోసం ఆసుపత్రో అనాథాశ్రమమో వేరే సొసైటీగా నడుపుతూ, దానికి 80జీ అనుమతి తెచ్చుకుంటే సంగతి వేరు. ఆ సొసైటీకి మీరు చెక్కు ద్వారా 5,000 ఇచ్చారనుకోండి. సాధారణంగా అందులో సగం, అంటే 2,500 మీ ఆదాయంలోంచి తీసేస్తారు. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి మిగిలేది 520 రూపాయలు. అదే 5,000 నగదుగా ఇస్తే పైసా రాదు. నగదుకు పరిమితి 2,000. బియ్యం, బట్టలు లెక్కలోకి రావు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఈ మినహాయింపే లేదు.

అమెరికాలో స్థిరపడినవారు స్వగ్రామంలోని చర్చికి నేరుగా పంపిన డబ్బుకు కూడా అక్కడి రిటర్నులో మినహాయింపు దొరకదు.

కాబట్టి కోశాధికారులకు నా విన్నపం: 80జీ లేని కానుకకు ఉందన్నట్టుగా రసీదు రాయకండి. నోటీసు వచ్చేది నమ్మి ఇచ్చిన ఉద్యోగికి, చిన్న వ్యాపారికి. పన్ను, వడ్డీ, ఒక్కోసారి జరిమానా కట్టాల్సింది వాళ్లే. “మినహాయింపు రాదండీ” అని ముందే చెప్పినా, ఇవ్వాలనుకున్నవారు ఇస్తారు.