హోటలు బల్ల దగ్గర మన కుటుంబము

పట్నం పనిమీద వెళ్లిన కుటుంబము మధ్యాహ్నానికి హోటలులో కూర్చోవడం మన పల్లెలవారికి ఇప్పుడు కొత్త కాదు. విశాఖపట్నం వంటి నగరాలలో ఇడ్లీ మొదలు బిర్యానీ, నూడుల్స్, పిజ్జా వరకు అన్నీ ఒకేచోట దొరుకుతున్నవి. అటువంటి హోటళ్లలో కొన్నిటికి 'బ్రాసరీ' అని పేరు. అది ఫ్రెంచి మాట. మొదట బీరు కాచే చోటని అర్థము. తరువాత ఆడంబరము లేకుండా రకరకాల భోజనము పెట్టే హోటలుకు ఆ పేరు స్థిరపడినది. పేరు ఏదైనా, మన చేతికిచ్చే మెనూ కార్డు చాంతాడంత ఉంటుంది. దానిని గూర్చి మన ఉద్దానపు కుటుంబాలతో రెండు మాటలు చెప్పగోరుచున్నాము.

మొదటిది మన ఊరి సంగతి. 'కాజూ' అనీ 'షాహీ' అనీ రాసి ఉన్న కూరలు చిక్కగా ఉండడానికి సాధారణంగా జీడిపప్పు ముద్దే కారణము. పలాస-కాశీబుగ్గలో మన అక్కచెల్లెళ్లు జీడిపిక్కలు కొట్టి, పైపొర తీసి, పప్పును రకాలుగా ఏరుతారు. పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుంది. గుండు పప్పుకు 240, 320 అనే అంకెలు పౌనుకు తూగే పప్పుల లెక్కను తెలుపుతాయి. విరిగిన ముక్క చవక గనుక గ్రేవీలకు ఎక్కువగా అదే వాడతారు. పిల్లలకు ఈ సంగతి చెప్పండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన జీడితోటలను చూసినవారు ఆ కూరను పళ్లెములో వదలిపెట్టలేరు.

రెండవది ఉప్పు. మూత్రపిండాల జబ్బు మన ప్రాంతములో ఎన్ని ఇళ్లను తాకినదో మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. వైద్యము దగ్గరకు వచ్చినా, పథ్యము మన చేతిలోనే ఉన్నది. ఆరోగ్యవంతులైన పెద్దలకే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా, ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సూపు తేలికైనదని రోగికి మొదట అదే తెప్పిస్తాము. కాని హోటలు సూపులో ఉప్పు ఎక్కువ. సోయా సాసు వేసిన మంచూరియా, నూడుల్స్, ఊరగాయ, అప్పడము కూడా అంతే. మన కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. జబ్బు ముదిరినవారికి అది రక్తములో పెరిగితే గుండెకు ప్రమాదము. కాబట్టి డాక్టరు గారిని అడిగిన తరువాతనే తాగవలెను.

అయితే ఏమి తెప్పించుకోవాలి? ముందే చేసి ఉంచిన గ్రేవీలో ఉప్పు తగ్గించడం వంటవారికి సాధ్యము కాదు. అప్పటికప్పుడు వండేదానిలో తగ్గించగలరు. కనుక ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు, డబ్బు ఇచ్చేది మనమే.

మరొక మాట. "నీకు అది పడదు, ఇది వద్దు" అని పదిమందిలో అంటే రోగి మనసు చిన్నబోతుంది. నలుగురూ బిర్యానీ తింటూ ఉంటే నాన్నగారు ఒక్కరే చప్పిడి అన్నము కలుపుకోవడం ఎంత కష్టము! ఆయనకు సరిపడే కూర ఒకటి అందరికీ తెప్పించండి. ఆ ఒక్క పూట ఉప్పు తగ్గినందువల్ల ఎవరికీ నష్టము లేదు.